అద్దం మీద గంధం బొట్టు

మొన్న పొద్దున జగ్గయ్యపేటలో నందిగామ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నానో లేదో, ఫోన్ మోగింది. చూస్తే మా ఆయన ఏదో లింకు పంపాడు. ఎక్కడో విదేశీ యూనివర్సిటీ వాళ్ల వార్త. కింద ఆయన సొంతంగా రాసిన మాట ఒకటి: "ఇది నీదాని లాంటిదే కదా, సూపర్!" పక్కన పైకెత్తిన బొటనవేలి బొమ్మ. ('పంపాడు' ఏమిటి, 'పంపారు' అనాలి కదా అంటారేమో. చదవండి, తర్వాత మీరే అంటారు.)

లింకు తెరిచాను. ఆ యూనివర్సిటీలో ఈమధ్య చేసిన మూడు పరిశోధనల గురించి రాశారు. గెలాక్సీల ఫొటోలు చూసి ఏది సుడి తిరిగి ఉంది, ఏది కోడిగుడ్డులా ఉంది అని కంప్యూటరే విడదీసే పద్ధతి ఒకటి. స్పానిష్ భాషలో ఒక మారుమూల యాసకి వ్యాకరణం రాయడం ఇంకొకటి. ఆ రెండూ చేసినవాళ్లు చల్లగా ఉండాలి, వాళ్లమీద నాకే కోపమూ లేదు. మూడోది లేజర్. మనుషులు కాపురం ఉంటున్న మామూలు ఇంట్లో, మిక్సీ తిరుగుతున్నా, వీధిలో లారీ పోతున్నా, గోడ పగులు ఎంత కదిలిందో లేజర్‌తో కొలిచే పద్ధతి. ఒక ఇంట్లో ఏడాది పొడవునా తెగకుండా కొలిచి రుజువు చేశారట.

ఒళ్లు మండిపోయింది. అది నాదాని లాంటిదేం కాదు. అది నాదే. వాళ్లకంటే ముందు నా పేరుతో రావలసింది.

నేను నందిగామలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఉద్యోగం చేసుకుంటూనే పీహెచ్‌డీ. మా ఇల్లు పేట చివర, సున్నపురాయి క్వారీల వైపు. మధ్యాహ్నం పూట అక్కడ బ్లాస్టింగ్ చేస్తే మా వంటింట్లో స్టీలు గిన్నెలు గలగలమంటాయి. వెనక గది గోడకి పైనుంచి కిందిదాకా పగులు. ఏటా దానికి సిమెంటు పూసి సున్నం కొట్టిస్తాం, ఏటా అది నోరు తెరుస్తుంది. ఆ వీధిలో పగుళ్లు లేని ఇల్లు లేదు. ఎందుకు పగులుతున్నాయంటే ఒకరు క్వారీ అంటారు, ఒకరు నల్లరేగడి నేల అంటారు, ఇంకొకరు మేస్త్రీని తిడతారు. ఎవరి దగ్గరా కొలత లేదు. ఆ కొలత నేను తీద్దామనుకున్నాను.

పద్ధతి చెప్పడం తేలికే. లేజర్ వెలుగుని రెండు పాయలు చేసి, ఒకదాన్ని పగులుకి ఇవతల అతికించిన అద్దం మీదికి, రెండోదాన్ని అవతలి అద్దం మీదికి పంపుతాను. రెండూ తిరిగొచ్చి కలిసినచోట వెలుగూ చీకటీ చారలుగా పడతాయి. పగులు వెంట్రుకలో ఎన్నో వంతు కదిలినా చారలు జరుగుతాయి. ఎన్ని జరిగాయో కెమెరా లెక్కపెడుతుంది. లారీ అదురు ఏది, గోడ నిజంగా కదిలింది ఏది అని విడదీయడంలోనే నా తిప్పలన్నీ. కిందటేడు ఉగాదికి మొదలుపెట్టాను. మళ్లీ ఉగాది దాకా ఎండా వానా చలీ అన్నీ చూడాలి. మధ్యలో ఎవరైనా అద్దాన్ని ముట్టుకున్నారా, అంతే. బస్తాలు లెక్కపెడుతున్న మనిషిని పలకరించినట్టు, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాల్సిందే.

ఇంట్లో అందరికీ అది 'ఆ ఎర్ర లైటు'. ఎండాకాలం కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ముందు లేజర్ నడవాలి, తర్వాతే ఫ్యాను. మా అత్తగారు విసనకర్ర విసురుకుంటూ, "మనుషులకి గాలి లేదు గానీ గోడకి దీపం కావాల్సొచ్చింది" అనేవారు. పప్పుడబ్బాలు పెట్టుకునే గది పోయిందని ఆవిడ బాధ ఆవిడది. పడ్డాను. తలుపు మీద పెద్ద అక్షరాలతో 'లోపల ఏదీ ముట్టుకోవద్దు' అని రాసి అంటించాను. ఎందుకు ముట్టుకోకూడదో మా ఆయనకి చారలు చూపించి మరీ చెప్పాను. ఆయన తలూపాడు.

వానలు గడిచాయి. తడికి నేల ఉబ్బినప్పుడు పగులు ఎలా మూసుకుంటుందో, బ్లాస్టింగ్‌కి ఎలా ఉలిక్కిపడుతుందో, రెండూ వేరువేరుగా కనబడటం మొదలైంది. ఆ రోజుల్లో నేను బస్సులో నిలబడి ప్రయాణం చేసినా కూర్చున్నట్టే ఉండేది.

దసరా వచ్చింది. ఆయుధపూజ రోజు కాలేజీలో ల్యాబుకి పూజ, అందరూ రావాలని ప్రిన్సిపాల్ గారి ఆర్డరు. వెళ్లాను. లెన్సుల మీద వద్దు, చెక్కపెట్టెల మీద పెట్టమని అటెండరుకి చెబితే, "అట్టాగే మేడం" అని చక్కగా పెట్టెలకే బొట్లు పెట్టాడు. పులిహోర తిని మధ్యాహ్నానికి ఇల్లు చేరాను.

వెనక గది తలుపుకి మామిడి తోరణం. గడప మీద పసుపు. లోపల లేజర్ పెట్టెకి బంతిపూల దండ, స్టాండు కాళ్లకి పసుపు, అవతలి అద్దం నడిబొడ్డున గంధం, దానిమీద కుంకుమ. గంధం చెమ్మకి అద్దం కిందికి చార కట్టింది. కెమెరాలో ఉన్నది ఒట్టి చీకటి.

"ఎవరు పెట్టారు?" అని అరిచాను. పండగ పూట ఆ ఇంట్లో అంత గొంతు ఎప్పుడూ లేవలేదు.

మా అత్తగారు వంటింట్లోంచి నవ్వు మొహంతోనే వచ్చారు. "నేనే పెట్టానమ్మాయ్. ఇన్నాళ్లూ దాన్ని తిట్టుకున్నా, పాపం. నీకు చదువు పెట్టేది కదా అని ఇయ్యాల దండేసి దణ్ణం పెట్టుకున్నా."

"ముట్టుకోవద్దని తలుపు మీద రాశాను కదా అత్తయ్యా!"

"ముట్టుకోడమేంటి? తలంటి పోసుకుని, పట్టుచీర కట్టుకుని బొట్టు పెడితే ముట్టుకోడం అంటారా ఎవరన్నా?"

ఆవిడ ముఖం చూస్తే నాటకం కాదు. ముట్టుకోవడం అంటే ఆవిడ లెక్కలో పిల్లలు కెలకడం, ఎంగిలి చెయ్యి పెట్టడం. బొట్టు పెట్టడం అందులోకి రాదు. ఆరు నెలలు ఆ వస్తువుని ఈసడించుకున్న మనిషి, మొదటిసారి మర్యాద చేసిన రోజునే దాని పీక నొక్కారు. ఆవిడ మీద ఎంత అరిచినా గాలితో గుద్దులాటే. నేను ఆయన వైపు తిరిగాను. ఆయన చేతిలో గంధం గిన్నె ఉంది.

"మీరు ఇంట్లోనే ఉన్నారా?"

"ఉన్నా."

"చూస్తూ ఊరుకున్నారా?"

"పండగపూట అమ్మని బాధపెట్టడం ఎందుకని ఊరుకున్నా. తుడిస్తే పోద్దిలే, ఇంత రాద్ధాంతం ఎందుకు?"

తుడిస్తే బొట్టు పోతుంది. వానాకాలం తిరిగి రాదు. ఈ మనిషికి చారలు చూపించాను. ఈ మనిషి తలూపాడు.

మా ఆయనకి హైవే మీద లారీల కాటా ఉంది. రాయి బళ్లూ, మిరపకాయ బళ్లూ అక్కడే తూకం వేయించుకుంటాయి. సాయంత్రం అక్కడ పూజ. ఏడుస్తూ పడుకుంటాననుకున్నాడేమో, నేను ముఖం కడుక్కుని, అదే గంధం గిన్నె పట్టుకుని బయల్దేరాను. ఆయనకి ముచ్చటేసింది. "అదీ, ఇట్టా ఉండాలి" అన్నాడు దారిలో.

కాటా దగ్గర పంతులుగారు, నలుగురైదుగురు డ్రైవర్లు ఉన్నారు. గుమ్మడికాయ కొట్టారు. కాటా ఇనుప పలకకి పసుపు, క్యాబిన్ తలుపుకి బొట్లు, కుర్చీకి కూడా బొట్టు. బరువు అంకెలు చూపించే పెట్టె మాత్రం శుభ్రంగా, ఒక్క చుక్క లేకుండా ఉంది. ఆ పెట్టె పెట్టిన బల్ల కాలికి ఉన్నాయి బొట్లు. నేనక్కడే నిలబడి చూశాను. పెట్టె వదిలేసి బల్లకాలికి పెట్టాలని పంతులుగారికి ఎవరో ఒకరు ఏటా చెబుతూనే ఉండాలి కదా.

గంధంలో వేళ్లు నిండా ముంచాను. గంధం కారుతున్న చెయ్యి ఆ పెట్టె మీటల మీదికి చాపాను.

ఆయన ఒక్క అంగలో వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. గాజులు నొక్కుకునేంత గట్టిగా.

"అక్కడొద్దు! తడి లోపలికి పోద్ది, రీడింగ్ తేడా వచ్చిద్ది!"

డ్రైవర్లు చూస్తున్నారు. పంతులుగారు మంత్రం ఆపేశారు. నేను చెయ్యి లాక్కోలేదు.

"పండగపూట మీ అమ్మగారు పెడితేనో?" అన్నాను. "ఆవిడకి కూడా అడ్డు పడతారు కదండీ, దీనికైతే?"

ఆయన నా కళ్లలోకి చూడలేదు. చెయ్యి వదిలి రోడ్డు వైపు తిరిగాడు. "లోడు బండొచ్చింది. ఇంటికెళ్లాక మాట్లాడదాం."

అద్దం తుడిచి దసరా మర్నాడు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను. ఇంకొక ఏడాది. గదికి తాళం, తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులో. వచ్చే నెలతో ఏడాది నిండుతుంది. ఈలోగా ఎక్కడో ఎవరో నిండించేసుకున్నారు. వాళ్ల తప్పేమీ లేదు, వాళ్ల అద్దానికి ఎవరూ బొట్టు పెట్టి ఉండరు.

నందిగామ బస్టాండులో దిగి మా గైడు గారికి ఫోన్ చేశాను. లింకు ఆయన కూడా చూశారు. "ఏం చేద్దామమ్మా? ఇంక నీదాంట్లో కొత్తేముందని అడుగుతారు" అన్నారు. ఆ ప్రశ్నకి నేను జవాబు వెతుక్కోవాలి. వెతుక్కుంటాను.

ఇంటికెళ్లాక మాట్లాడదాం అన్న మనిషి ఇంతవరకూ ఆ మాట ఎత్తలేదు. లింకు మాత్రం పంపాడు.