చేపల అర మూత కింద

మా అమ్మ ఇంకా ఉంది. నమ్మకపోతే ముక్తేశ్వరం వెళ్లి ఆవిడనే అడగండి. ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించి చెప్పడం లేదు.

ఎనభైల్లో ఓ వేసవి సెలవులు. నాకు పన్నెండేళ్లు, చెల్లి రూతుకి ఎనిమిది. నాన్న సైన్సు మేష్టారు. ఆయన దగ్గర చదువుకున్న నూకరాజుకి ఓడలరేవులో చిన్న మోటారు బోటు ఉండేది. నడిసముద్రంలో తిమింగలాన్ని చూశానని అతను చెప్పగానే నాన్న ఆగలేకపోయారు. అమ్మ వద్దంటున్నా అందరం బోటెక్కాం.

పగలంతా వెతికాం. తిమింగలం కనబడలేదు. చీకటి పడ్డాక నూకరాజు వల వేసి ఇంజను ఆపేశాడు. ఒక్క లాంతరు. గాలి కూడా లేదు...

అప్పుడు వినిపించింది.

ఠక్... ఠక్...

బోటు అడుగు నుంచి. నీళ్లలోంచి.

“అలలు తగులుతున్నాయిలే,” అన్నారు నాన్న.

రూతు ఊరుకుంటేగా! చేతిలో ఉన్న స్టీలు గ్లాసుతో చెక్క మీద మూడుసార్లు కొట్టింది.

కాసేపు ఏమీ లేదు...

ఠక్. ఠక్. ఠక్.

రూతు పకపకా నవ్వింది. ఈసారి ఐదు కొట్టింది. కింద నుంచి ఐదు. సరిగ్గా ఐదు!

“ఒరేయ్ నూకరాజూ, తిమింగలమేరా!” నాన్న గొంతులో ఎంత సంబరమో.

“వద్దండి మేష్టారూ... పాపగారిని ఆపండి. పదేళ్లుగా వేటకొత్తన్నాను. ఇలాటిది ఎప్పుడూ ఇనలేదండి.”

నాన్న వినలేదు. గ్లాసు లాక్కుని తనే కొట్టారు. ఏడుసార్లు.

జవాబు రాలేదు. లాంతరు వత్తి చిటపటలాడడం కూడా వినబడుతోంది...

ఒకటి... రెండు...

ఈసారి నీళ్లలోంచి కాదు. మా వెనక నుంచి! బోటు మధ్యలో, పట్టిన చేపలు వేసే అర ఉంది. దాని మీద చెక్క మూత. ఆ మూత కింద నుంచి... లోపలి నుంచి! మూత మీద పెట్టిన మా అన్నం క్యారేజీ దెబ్బ దెబ్బకీ గలగలమంది.

ఏడు.

అమ్మ మా ఇద్దరినీ ఒళ్లోకి లాక్కుంది. “ప్రభువా...” అంది. నూకరాజు కత్తి తీసి వల తాడు కోసేశాడు. కొత్త వలండీ అది! ఇంజను నాలుగోసారికి గానీ అందుకోలేదు. ఒడ్డు చేరేదాకా నేను ఆ మూత మీంచి చూపు తిప్పుకోలేకపోయాను.

తెల్లారాక బోటును ఇసుక మీదికి లాగి, మూత తీశారు. ఖాళీ. తడి కూడా లేదు.

అప్పటికి నాన్న కాస్త తేరుకున్నారు. “చప్పుడు చెక్క వెంట పాకుతుంది. కింద కొడితే మూత దగ్గర వినబడుతుంది, అంతే. ఉండండి, చూపిస్తాను,” అంటూ అరలోకి దిగి మూత వేయించుకున్నారు. “రూతమ్మా, బయట నుంచి మూడు కొట్టు!”

రూతు కొట్టింది. మూడు. మేమంతా చూస్తూనే ఉన్నాం.

నాన్న పలకలేదు. మూత ఎత్తలేదు... చివరికి నూకరాజే లాగి తీశాడు. లోపల నాన్న మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చున్నారు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

“ఎన్ని కొట్టేవమ్మా?”

“మూడే నాన్నగారూ.”

“ఆ తర్వాత... ఇంకెవరైనా కొట్టేరా?”

“లేదండి.”

ఆ తర్వాత ఆయన ఇరవై ఏళ్లు బతికారు. లోపల ఏం విన్నారో ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. ఆ రాత్రి మా బోటు కింద ఉన్నది తిమింగలమే అయ్యుంటుందని నాకు నేనే చెప్పుకుంటూ ఉంటాను...

కానీ నాన్న అరలో కూర్చున్నప్పుడు బోటు ఇసుక మీద ఉంది కదండీ.