మంగళవారం సానరాయి

మా చిన్నతనంలో... మంగళవారం బడి నుంచి వచ్చేసరికి, ఢిల్లీలోని మునిర్కాలో మా అద్దెగది గుమ్మం ముందు నాన్న పీట వాల్చుకుని కూర్చుని ఉండేవాడు. పక్కన చెంబుతో నీళ్ళు, ఒళ్ళో గోనెగుడ్డ, ఎదురుగా సానరాయి.

నాన్న పేరు అప్పన్న. శ్రీకాకుళం వైపు నుంచి ఢిల్లీ వచ్చి, ఆర్.కె. పురం ప్రభుత్వ క్వార్టర్ల వెనక గోడకి అద్దం తగిలించి, ఒక్క కుర్చీతో క్షవరాలు చేసేవాడు. ఢిల్లీలో మంగళవారం ఎవరూ క్షవరం చేయించుకోరు కదా... అదే నాన్నకి సెలవు.

ఆ రోజు పొద్దున్నే పాతసామాన్లు కొనే కబాడీ దుకాణాలన్నీ తిరిగి, తుప్పుపట్టిన పాత క్షవరం కత్తులు ఏరుకొచ్చేవాడు. ఇక్కడ వాటిని ఉస్తరాలంటారు. మా ఇంట్లోనూ అదే మాట అలవాటైపోయింది.

తెరుచుకోని వాటిని రెండ్రోజులు కిరసనాయిల్లో నానబెట్టేవాడు. బూడిదతో తోమేవాడు. విరిగిన పిడికి కొమ్ముముక్క అమర్చి, ఇత్తడి తీగతో బిగించేవాడు. ఆ తర్వాత సానరాయి... కత్తిని రాయిమీద పూర్తిగా పడుకోబెట్టి, పదునుండే వాదర ముందుకు నెట్టి, వీపు మీద తిప్పి మళ్ళీ ఇటు. చివర్న తోలుపట్టీ. పదును చూడ్డానికి తన ఎడమ ముంజేతి మీదే గీసుకునేవాడు... అందుకే ఆ చేతిమీద ఒక్క వెంట్రుక ఉండేది కాదు.

అలా బాగుచేసినవి పదకొండు ఉండేవి. గడ్డాలు గీసేది వాటితోనే. తోలు పొదిలో వరసగా పెట్టుకుని మురిసిపోయేవాడు.

నేను నాలుగో తరగతిలో ఉండగా... ఎక్కడ చూసినా ఎయిడ్స్ గురించి బోర్డులే. మా స్కూల్లో పోస్టర్ల పోటీ పెట్టారు. ఒకరికి వాడిన బ్లేడు ఇంకొకరికి వాడకూడదని బొమ్మ వెయ్యాలి. అందరూ బ్లేడు వేశారు. నాకు బాగా తెలిసింది ఉస్తరా... అదే వేసి, మీద ఎర్రరంగుతో పెద్ద ఇంటూ కొట్టాను.

మొదటి బహుమతి నాకే వచ్చింది. ఆ బొమ్మని తీసుకెళ్ళి క్వార్టర్లలో డిస్పెన్సరీ గోడకి అంటించారు. నాన్న కుర్చీకి నాలుగడుగుల దూరంలో.

ఆ సాయంత్రం నాన్న నన్ను పిలిచి అడిగాడు. "ఏటి బుజ్జీ, ఆ బొమ్మ నువ్వే ఏసినావా?"

భయంభయంగా తలూపాను.

"బాగుంది. పిడి కూడా సరిగ్గా ఏసినావు" అన్నాడు.

ఆ నెలలోనే ఒక ఆదివారం నాన్నకి అన్నం పట్టుకెళ్ళాను. కుర్చీలో రావుగారు... పన్నెండేళ్ళుగా నాన్న చేతే గడ్డం గీయించుకుంటున్న గుంటూరాయన. జేబులోంచి కొత్త బ్లేడు తీసి నాన్న చేతిలో పెట్టాడు.

"ఏమనుకోకు అప్పన్నా... ఇంట్లో పిల్లలు భయపడుతున్నారు. ఇక నుంచి దీంతో చెయ్యి."

"పెతీసారీ మరుగునీళ్ళలో ఏసి తీత్తన్నాను బాబూ..."

"నాకు తెలుసయ్యా. అయినా వద్దులే."

దీపావళి వచ్చేసరికి అందరూ అదే మాట. నాన్న బ్లేడుని సగానికి విరిచి బిగించే స్టీలు పిడి ఒకటి కొన్నాడు. ఒక గడ్డం గీయడం, బ్లేడు పారెయ్యడం. అందులో నాన్న పనితనంతో అవసరమే లేదు. పొది మడిచి మంచం కింద పెట్టేశాడు.

వాళ్ళ భయంలో తప్పులేదు. నేను ఆ బొమ్మ వెయ్యకపోయినా అలాగే జరిగేది... ఈ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. నాన్నకి మాత్రం ఒక్కసారీ చెప్పలేకపోయాను.

మంగళవారాలు మాత్రం మారలేదు. నాన్న పొది తీసి, ఇక ఎవరి గడ్డాన్నీ తాకని ఆ పదకొండు కత్తుల్నీ మళ్ళీ సానపెట్టేవాడు.

"ఎవరి కోసమయ్యా ఇదంతా?" అని అమ్మ విసుక్కునేది.

"ఊరికే ఉంచితే వాదర పోతాది. రేపు మళ్ళీ అడుగుతారు" అనేవాడు.

ఎవరూ అడగలేదు... నా టెన్త్ అయింది, డిగ్రీ అయింది, ఉద్యోగంలో చేరాను. చేతులు వణకడం మొదలయ్యేదాకా నాన్న ఆ రాయి వదల్లేదు.

ఇప్పుడు అమ్మ లేదు. నాన్న గురుగ్రామ్‌లో నా దగ్గరే ఉంటాడు. పోయిన నెల మా ఆఫీసులో నిఖిల్ అనే హర్యానా కుర్రాడు, పాత ఉస్తరాలు బాగుచేసుకుని వాడడం తనకి సరదా అని చెప్పాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంటికి రమ్మన్నాను.

నాన్న పొద్దున్నుంచే ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. వణుకుతున్న చేతులతోనే పదకొండూ పేపరు మీద పరిచాడు.

నిఖిల్ ఒక్కొక్కటీ తెరిచి వెలుతురుకి పెట్టి చూశాడు. లోహం మంచిదేనట... కానీ మరీ ఎక్కువసార్లు సానపెట్టడం వల్ల వెడల్పు సగానికి తగ్గిపోయిందట. వీపు కూడా అరిగిపోయిందట. ఇంకోసారి రాయిమీద పెడితే అంచు పెళుసుగా విరిగిపోతుందన్నాడు.

"ఇన్‌మే అబ్ కుఛ్ బచా నహీఁ, దీదీ" అన్నాడు మెల్లగా... ఇక వీటిలో ఏమీ మిగల్లేదని.

నాన్నకి హిందీ నాకంటే బాగా వచ్చు.

అతను వెళ్ళాక నాన్న కత్తులు మడుస్తూ అన్నాడు.

"ఆడు సెప్పింది నిజమే. నానే అరగ్గొట్టేసినాను."

నేను పొది తెరిచి పట్టుకున్నాను.

"మంగళారం వచ్చిందంటే ఏటి సెయ్యాలో తెలిసేది కాదమ్మా" అన్నాడు.

ఇప్పుడు మొద్దుబారినదాన్ని ఎవరూ సానకివ్వరు. పారేసి కొత్తది తెచ్చుకుంటారు... నేనూ అంతే. మీ ఇంట్లోనూ ఎవరి చేతిపనైనా, ఆ మనిషి ఉండగానే పోయిందా? ఆ పని పేరేమిటో, ఆ మనిషిని మీరేమని పిలిచేవారో కింద రాయండి. నాన్నకి చదివి వినిపిస్తాను.