కుక్కుటేశ్వరరావుగారికి పోటీ కావాలి

రాజమండ్రిలో మా అపార్ట్‌మెంట్ కింద స్టీలు సామాన్ల కొట్టు కుక్కుటేశ్వరరావుగారిది. ఇడ్లీ పాత్ర కొనడానికి వెళ్ళినవాళ్ళకి అమెరికా సెనేట్ ఉచితం.

"కింది సభంటే ఈ గ్లాసండి. వేడి కాఫీ. జనం కోపం మీదుంటారు, చట్టం ఇవాళే చేసెయ్యమంటారు. సెనేటంటే ఈ గిన్నె. ఇందులో పోసి కాస్త ఆరనిచ్చి తాగాలి. లేదంటే నాలిక కాలిపోద్ది," అని చేత్తో చూపిస్తారు. చాలామంది ఆ గ్లాసూ గిన్నే కూడా కొనుక్కుని వస్తారు.

ఆయన దేశం దాటింది లేదు. పట్టిసీమ తీర్థానికి వెళ్ళడమే పెద్ద ప్రయాణం. బేరాలు లేనప్పుడు ఫోన్లో అమెరికా సంప్రదాయవాదుల ఉపన్యాసాలు వింటారు. ఆదివారం మేడ మీద మాకు వినిపిస్తారు. "కెనడావాళ్ళు రాణిగారితో పోట్లాడకుండా, కూర్చుని మాట్లాడుకుని దేశం తెచ్చుకున్నారండి. అందుకే వాళ్ళ చరిత్రలో కథ తక్కువ, నిద్ర ఎక్కువ," అంటారు. కానీ ఆయన మనసంతా అమెరికా మొదటి అధ్యక్షుడి మీదే. రెండుసార్లు చేసి, ఇంకా చెయ్యమంటుంటే వినకుండా పొలానికి వెళ్ళిపోయాడట. తర్వాతెప్పుడో అక్కడే నాలుగుసార్లు గెలిచిన ఇంకో అధ్యక్షుడి ప్రస్తావన వస్తే మాత్రం మొహం ముడుచుకుంటారు.

మా అసోసియేషన్ ప్రెసిడెంటుగా మొదటిసారి గెలిచినరోజే అందరి ముందూ చెప్పారు: "రెండుసార్లే. మూడోసారి అడిగినా ఉండను."

ఆ రెండోసారీ అయిపోవచ్చింది. చిక్కేమిటంటే, ఎవరూ నిలబడకపోతే పాతవారే కొనసాగాలని మా నిబంధన. ఒక్కరూ పేరివ్వలేదు. మాట తప్పాల్సి వస్తుందేమోనని ఆయనకి దిగులు పట్టుకుంది. తన మీద పోటీకి మనిషిని వెతుక్కుంటూ ఫ్లాటు ఫ్లాటుకీ బయల్దేరారు.

ముందు భీమరాజుగారింటికి వెళ్ళారు. ఆయనకి చేపల చెరువులున్నాయి, నలుగురిని నడిపించే మనిషి.

"రాజుగారూ, ఈసారి మీరు నిలబడాలండి."

"ఆయ్, ఎంత మాటండీ! మీ మీద నేనా? రేపు లిఫ్టులో మొహమెలా చూపించమంటారండీ?"

"నేను నిలబడట్లేదండి బాబూ!"

"మీరు నిలబడకపోయినా కుర్చీ మీది కదండీ. ముందు జంతికలు తీసుకోండి."

అన్ని అంతస్తుల్లోనూ ఇదే మర్యాద. పొట్ట నిండింది గానీ ప్రత్యర్థి దొరకలేదు.

ఆయన అవస్థ చూడలేక భార్య జగదాంబగారు, "నా పేరు రాయండి, గొడవొదిలిపోద్ది," అన్నారు.

"మొగుడి తర్వాత పెళ్ళామా? వంశపాలన అంటారే!"

"ఒక లిఫ్టూ ఒక మోటారూ ఉన్నదానికి వంశమేంటండీ? మీ అమెరికాలో తండ్రీకొడుకులు అవ్వలేదేంటి?"

"అయ్యారు. అందుకే చెప్తున్నాను."

చివరికి మా తలుపు కొట్టారు. నేను పాలసీసాలు మరిగిస్తున్నాను. మా పాపకి ఏడాది నిండింది, కనిపించిందల్లా నోట్లో పెట్టుకుంటుంది. నేను కెమిస్ట్రీ చదివాను కాబట్టి ఆ నోట్లోకి ఏమేం వెళ్తున్నాయో మిగతా తల్లులకంటే వివరంగా భయపడగలను. కుళాయి నీళ్ళలో క్లోరిన్ సరిగ్గా లేదని నేనన్నప్పుడు అందరూ "ఏం కాదులేమ్మా" అన్నారు. టార్చి పట్టుకుని నాతో ట్యాంకు దాకా ఎక్కి, మూత తీసి చూసింది ఈయనొక్కరే.

అందుకే విషయం వినకముందే బతిమాలాను. "మీరే ఉండండి బాబాయిగారూ. మీరు దిగిపోతే ట్యాంకు ఎవరు చూస్తారు?"

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "చూశావా వినీలమ్మా! నేనుంటేనే నీళ్ళు బాగుంటాయని నువ్వనుకుంటున్నావంటే, రెండుసార్లూ నేను ఫెయిలైనట్టే. మంచి రాజు దొరికాడు కదాని ఊరుకోకూడదనే కదమ్మా అమెరికావాళ్ళు అంత తంటాలు పడ్డారు. నువ్వు నిలబడు."

"నాకు ప్రతిదానికీ భయమండీ."

"అదే కావాలి. ధైర్యస్థులు ట్యాంకు మూత తీసి చూడరు."

పాప ఆయన తాళాల గుత్తి నోట్లో పెట్టుకోబోయింది. నాకంటే ముందు ఆయనే లాగేసుకున్నారు. నేను పేరిచ్చాను. ఇంకెవరూ ఇవ్వలేదు. ఆయన మాట నిలిచింది.

నా మొదటి మీటింగులో, నీళ్ళు వారం వారం పరీక్ష చేయిద్దామని ప్రతిపాదించాను. జనం తలలూపారు. వెనక వరసలోంచి ఒక చెయ్యి లేచింది.

"ప్రెసిడెంటు గారూ, వారం వారం ఎందుకండీ? నెలకోసారి చాలదా?"

ఆయనే. క్లోరిన్ ఎలా తగ్గిపోతుందో, వానాకాలం ఎందుకు ప్రమాదమో చెప్పాను. ఆయన వదల్లేదు. అడిగిందే తిప్పి తిప్పి అడిగారు. భీమరాజుగారు కూడా ధైర్యం తెచ్చుకుని ఒక ప్రశ్న వేశారు. చివరికి వానాకాలం వారానికోసారి, మిగతా రోజుల్లో నెలకోసారి అని తేల్చారు.

నేను చెమట తుడుచుకుంటుంటే ఆయన మొహం వెలిగిపోతోంది. ఇంకో ప్రశ్నకి చెయ్యి ఎత్తబోతుంటే జగదాంబగారు ఆ చెయ్యి పట్టుకుని కిందకి లాగారు.

"ఇంక పదండి ప్రతిపక్షం గారూ, చారు చల్లారిపోతోంది."