డాలరు తగ్గేదాకా ఆగిన మెషీను

ఆమధ్య వన్ టౌన్‌లో నా తెలివితేటలకి ఎంత ఖర్చయిందో చెప్తాను, టీ తాగుతూ వినండి. నవ్వొస్తే నవ్వేయండి, మొహమాటం వద్దు. మా ఆవిడ ఇప్పటికే నవ్వేసింది.

నేను పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో పని చేస్తాను. బయటి దేశాల నుంచి సరుకు వస్తే కస్టమ్స్ కాగితాలు తయారు చేయడం మా పని. డాలరు రేటు చూడందే రోజు మొదలవదు. అందుకే మద్దిలపాలెంలో మా వీధి మొత్తానికీ డాలరు పండితుణ్ణి నేనే.

మా ఆవిడ సునీత ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. చేత్తో ఎంబ్రాయిడరీ వేసీ వేసీ వేళ్ళు కాయలు కాసిపోయాయి. మూడేళ్ళు చీటీ కట్టి, జపాన్ నుంచి డాలర్ల లెక్కన వచ్చే కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మెషీనుకి డబ్బు కూడబెట్టింది. ఇద్దరం షాపుకి వెళ్ళాం. మెషీను ఎదురుగానే ఉంది. సునీత దాని మీద చెయ్యేసి నిలబడింది. సరిగ్గా అప్పుడే నేను ఫోన్లో రేటు చూశాను.

"ఇప్పుడొద్దు. డాలరు బాగా ఎక్కేసింది. రెండు నెల్లాగితే దిగుతాది. నాను రోజూ సూత్తన్నాను కదా."

షాపాయన ఏదో చెప్పబోయాడు. "నాకు తెలుసు బావా, నాను షిప్పింగ్‌లోనే ఉన్నాను" అని ఆపేశాను.

సునీత చెయ్యి తీసేసింది. "మీకు తెలిసిందే కదా" అంది. ఆ నమ్మకానికి నేను కాస్త పొంగిపోయాను కూడా.

రెండు నెలలు నాలుగయ్యాయి. డాలరు ఇంకా ఎక్కింది. ఈలోగా మా చర్చిలో ఒక పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతురి గౌను, వాళ్ళింటి ఆడవాళ్ళ జాకెట్లు మొత్తం సునీతకే ఇస్తామన్నారు. చేత్తో అంత పని నెలలో అవదు. "నా వల్ల కాదమ్మా" అని ఆమె వాళ్ళని పంపించేయడం నేను గుమ్మంలో చెప్పులు విప్పుతూ విన్నాను. ఆ రోజు రేటెంతో ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు.

చివరికి డాలరు దిగింది. సెలవు పెట్టి మరీ వెళ్ళాం. షాపాయన చెప్పిన ధర ముందుకన్నా పదహారు వేలు ఎక్కువ.

"ఏటి బావా, డాలరు తగ్గింది కదా?"

"తగ్గింది ఈవేళ, సార్. మీరు ముందు సూసింది పాత రేటుకి వచ్చిన స్టాకు. అది అయిపోయింది. ఇది డాలరు బాగా ఎక్కినప్పుడు దిగిన సరుకు. ఆవేళ అదే సెప్పబోయేను, మీరు ఇన్లేదు."

నమ్మకం కుదరక దిగుమతి కాగితాలు చూపించమన్నాను. చూపించాడు. ఎవరో చెన్నై డీలరు పేరు మీద వచ్చిన కంటైనరు. కింద ముద్ర మా ఆఫీసుదే. ఆ రేటు టైపు చేసింది నేనే. ఈ రేటుకి ఈ మెషీన్లు ఎవడు కొంటాడో పాపం అని ఆ రోజు జాలిపడ్డాను కూడా.

సునీత కాగితం చూసింది, నన్ను చూసింది. ముందు నవ్వింది. తర్వాత మెల్లగా అడిగింది.

"నాను ఒగ్గేసిన ఆ పెళ్ళి పనితో ఈ పదహారు వేలు వచ్చేవి కావేటండీ?"

"వచ్చేవి."

"నాకు డాలరు తెలీదు. పెళ్ళిళ్ళు ఎప్పుడొస్తాయో తెలుసు. నన్నడగాల్సింది."

నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా, నీకు మెషీను ఎప్పటికి కావాలి అని నేను అడగలేదు. అడగాలని తోచనే లేదు. ఆమె ఆ పదహారు వేలూ కలిపి డబ్బు కట్టి, మెషీను ఇంటికి తెచ్చుకుంది. ఇప్పుడు చేతినిండా పనే.

నిన్న ఫ్రిజ్ కొనడానికి వెళ్ళాం. నన్ను ఆటోలోనే కూర్చోమని తను ఒక్కతే లోపలికెళ్ళి, పావుగంటలో కొనేసి వచ్చింది. మంచి ధరకే వచ్చిందట. ఆటో వెయిటింగ్ చార్జీ బేరం మాత్రం నాకు వదిలేసింది. అదీ కుదర్లేదు.