బండి కందెన పెట్టిన ట్రాక్టరు

హైదరాబాదు మీద పోలీసు చర్య ముగిసిన వారానికి మా సైనిక దళం నకిరేకల్ దగ్గరి ఒక ఊళ్లో దిగింది. ముసురు. ఎర్రటి చెల్క నేలంతా బురద. వాగు పొంగడంతో లారీని అవతలే వదిలి, తాడు పట్టుకుని దాటాం. నేను డ్రైవరును, కర్నూలు వాణ్ని. రైఫిలు కన్నా రెంచి పట్టుకున్నదే ఎక్కువ.

ఊళ్లో అడుగుపెట్టగానే ఒక అవ్వ ఎదురొచ్చింది.

"కోడలు నిన్నటి సంది నొప్పులు పడుతాంది. మంత్రసాని చేతులెత్తేసింది. జర దవాఖానకు తోల్కపోండ్రి బిడ్డా!"

దవాఖాన వాగుకు ఇవతలే, నకిరేకల్‌లో ఉంది. కానీ ఆ బురదలో ఎడ్లబండి ఇరుసు దాకా దిగబడుతోంది. వైర్‌లెస్ జవాను పైకి కబురు పెట్టాడు. జవాబు వచ్చింది: "వాగు తగ్గేదాకా బండి రాదు. ఉన్నదాంతో కానివ్వండి."

ఉన్నది ఊరి దొర వదిలి పారిపోయిన పాత ట్రాక్టరు, దాని ట్రాలీ. ఇంజను పలికింది. గేరు పడలేదు. రాడ్డు పట్టుకుని వేలాడినా కదల్లేదు.

"దాన్ని బతిమాలుతున్నావా, కొడుతున్నావా?" అన్నాడు హవల్దారు.

గేరుపెట్టె మూత విప్పాను. లోపల నల్లటి ముద్ద, గడ్డిపోచలతో సహా.

దొర దగ్గర జీతం చేసిన మల్లయ్య మురిసిపోతూ చెప్పాడు: "కందెన సారూ. దొర పోయినంక మేమే సూసుకుంటున్నం. బండి ఇరుసుకు పెట్టినట్టే నిండుగ పెట్టినం."

గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపిన కందెన ఎడ్లబండికి అమృతమే. గేర్ల మధ్య మాత్రం బంకలా పట్టేసింది. కోపం నషాళానికెక్కింది. అంతలో అవ్వ ఇంట్లోంచి కోడలి కేక వినబడింది.

ముద్దను చేత్తో తోడాను. మల్లయ్య, అవ్వ కూడా చేతులు పెట్టారు. కిరసనాయిలుతో కడిగాం. ఇక నూనె కావాలి. నా డబ్బా లారీలో ఉండిపోయింది. అవ్వ లోపలికెళ్లి ఆముదం కుండ తెచ్చింది. పుట్టబోయే బిడ్డకు రాయడానికి వండి దాచినది.

"ఇది పనికొస్తదా?"

మసి లేని ఆముదం భేషుగ్గా పనికొస్తుంది. మొత్తం పోసేశాను. రాడ్డు లాగితే ఒకటో గేరు టక్కున పడింది. హమ్మయ్య అని పైకే అన్నాను.

ట్రాలీలో గడ్డి పరిచి కోడలిని పడుకోబెట్టి, అవ్వనూ మల్లయ్యనూ ఎక్కించుకుని, పైన మా టార్పాలిన్ పట్టాం. రెండో గేరు దాటించే ధైర్యం చేయలేదు. చీకటి పడకముందే దవాఖాన వరండాలో పసిబిడ్డ ఏడుపు విన్నాం. తల్లీ బిడ్డా క్షేమం. నా ఒళ్లంతా తేలికైపోయింది.

చలికాలం మొదట్లో మా దళం వెనక్కి మళ్లింది. పోలీసు చర్యలో ఏం చూశావని మా పిల్లలు ఇప్పటికీ అడుగుతారు. నా కళ్లముందు ఆ వరండానే ఉంటుంది. దవాఖాన నర్సు పసిగుడ్డును తెచ్చి "ఎవలు పట్టుకుంటరు?" అంది. మా అందరి చేతులూ మణికట్టు దాకా నలుపు. అవ్వ ఆగలేదు. నల్లటి అరచేతుల్ని దూరంగా చాచి, మనవరాలిని ముంజేతుల మీదికి తీసుకుంది.