సుద్దముక్క సోఫా

మొన్న మా కొత్త ఇంట్లో వడ్రంగి నేల మీద సుద్దముక్కతో టీవీ స్టాండు కొలతలు గీస్తుంటే, ఆ పొడి వాసనకు పాల్వంచ క్వార్టర్ గుర్తొచ్చింది.

నాకప్పుడు ఆరేళ్లు. నాయనకు కరెంటు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. మా ముందుగదిలో ఒక చాప తప్ప ఏమీ లేదు. ఒకరోజు అమ్మ నేల మీద పెద్ద డబ్బా గీసింది.

"ఏందమ్మా ఇది?"

"సోఫా. కిటికీ పక్కనుంటే గాలి తగుల్తది."

గీస్తే సోఫా వస్తుందని నమ్మి, గీతల మధ్య కూర్చుని చూశాను. నేల చల్లగా, గట్టిగానే ఉంది. రేపటికి మెత్తబడుతుందేమోనని కాపలా కాశాను.

సాయంత్రం నాయన డ్యూటీ నుంచి వచ్చి నేరుగా లోపలికి నడిచాడు.

"నాయనా, సోఫా తొక్కుతున్నవ్!" అని అరిచాను.

ఆయన ఆగి గీతలను చూశాడు. తర్వాత వంటింటి గుమ్మంలో ఉన్న అమ్మను చూశాడు.

"ఊకెనే గీసిన. తుడిచేస్త" అంది అమ్మ సిగ్గుపడుతూ.

"వద్దు, ఉండనియ్" అన్నాడు నాయన. టిఫిన్ డబ్బా పట్టుకుని, గోడవారగా చుట్టూ తిరిగి వంటింట్లోకి వెళ్లాడు.

అసలు సోఫా రావడానికి మూడేళ్లు పట్టింది. గీతలు చెరిగినప్పుడల్లా అమ్మ మళ్లీ గీసేది. నాయన రోజూ చుట్టూ తిరిగే వెళ్లేవాడు. నాలాగే ఆయనా ఆ సోఫాను నమ్ముతున్నాడనుకున్నాను. ఆ నడక అమ్మ కోసమని నాకు పెళ్లయ్యాకే అర్థమైంది.