ఇంటిపేరు ఒక్కటే తెలిసిన గడ్డం

టేకులపల్లి దాటాక రోడ్డు పక్కన ఒక ఇప్పచెట్టు ఉండేది. దాని కొమ్మలకు ఆకుపచ్చ గడ్డాలు వేలాడేవి. ఎండలు మండిపోయే మా వైపు నాచులా బెరడును పట్టి పెరిగే అలాంటి లైకెన్ చూస్తానని, కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పిన ఇన్నేళ్లలో ఎన్నడూ అనుకోలేదు. అందిన పోగును తడిపి మెల్లగా లాగాను. పై పొర చిట్లి, లోపలి తెల్లటి దారం రబ్బరులా సాగింది. సందేహం లేదు, ఉస్నియా. సంతోషం పట్టలేక ఎవరికైనా చెప్పాలనిపించింది. అక్కడున్నది ఇప్పపూలు ఏరుకుంటున్న ఒక అవ్వ మాత్రమే.

ఆమెకు నా సంతోషంతో పనిలేదు. రోడ్డు వెడల్పు చేస్తారని చెట్టు మొదలుకు అప్పటికే నంబరు వేసి పోయారు. ఆ పూలే ఆమెకు ఎండాకాలపు బతుకుదెరువు. కానీ ఇది మా వైపు ఎక్కడా కనబడదని నేనన్న మాట విన్నాక ఇక నన్ను వదల్లేదు.

"ఇది ఎక్కడా దొరకదని కాయితం రాసియ్యి బిడ్డా. గట్లనన్న చెట్టును ఇడిసిపెడ్తరేమో."

రాయాలంటే జాతి పేరు కావాలి. ఉస్నియా అన్నది ప్రజాతి, మన ఇంటిపేరు లాంటిది. ఆ ఇంట్లో వందల జాతులున్నాయి. శాస్త్రజ్ఞులు ఆ ఇంటిని ఒకసారి వేరు కాపురాలుగా విడదీస్తారు, మరోసారి కలిపేస్తారు. మా గడ్డం ఏదో తేలాలంటే దాని మీద పుట్టే చిన్న బిళ్లలు చూడాలి. అందిన కొమ్మల్లో ఒక్కటీ లేదు. పై కొమ్మలు పుచ్చిపోయి ఉన్నాయి, ఎక్కడానికి ఎవరూ ఒప్పుకోలేదు. నమూనా పంపితే నిపుణుడు కూడా బిళ్లలు లేనిదే చెప్పలేనన్నాడు. ఇంటిపేరుతోనే రాసి రోడ్ల ఆఫీసులో ఇచ్చాను. పూర్తి పేరు లేని దానికోసం పని ఆపలేమని తిప్పి ఇచ్చేశారు. ఒళ్లు మండింది. కానీ వాళ్లతో వాదించడానికి నా దగ్గర ఏముంది?

అవ్వకు ఆ సంగతి చెప్పాను.

"పేరు తెల్వనంత మాత్రాన నరుకుతరా?" అంది.

మళ్లీ వెళ్లేసరికి చెట్టు నేల మీద ఉంది. అవ్వ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. చిటారు కొమ్మ ఒకటి విరిచి తెచ్చి నా చేతిలో పెట్టింది. గడ్డం నిండా బిళ్లలే.

"గివేనా నువ్వు అడిగినయి? ఇప్పుడు రాయి బిడ్డా."

ఆ కొమ్మతోనే పేరు తేలింది. ఆఫీసుకు పోలేదు. అవ్వ దగ్గరికీ పోలేకపోయాను.